జడ విప్పే అడుగు

రామాలయం ముందు పందిట్లో జడ కోలాటం కోసం నడిమి దూలానికి పన్నెండు రంగుల తాళ్లు కట్టారు. ఒక చేతిలో తాడు, రెండో చేతిలో కోల. ఆరుగురు ఇటు, ఆరుగురు అటు తిరుగుతూ ఎదురొచ్చినవాళ్లను ఒకసారి లోపలి నుంచి, మరోసారి బయటి నుంచి దాటుతుంటే పైన జడ అల్లుకుపోతోంది. అల్లడం వరకూ ఫర్వాలేదు. గురువుగారు ‘ఇక విప్పండమ్మా’ అన్నాకే అసలు కష్టం. వచ్చిన దారినే వెనక్కి తిరగాలి. ఒక్కరు తప్పినా ముడి పడుతుంది. డెబ్బైకి దగ్గరపడ్డ పెద్దావిడ ఒకచోట తడబడి ఆగింది. ‘బయటికి పిన్నీ, బయటికి!’ అంటూ ఎదురొచ్చిన అమ్మాయి కోలతోనే దారి చూపింది. ఆవిడ అడుగు సర్దుకుంది. ముడి పడలేదు.

పాట వినాలి, దరువుకు పాదం పడాలి, ఎదుటి కోలకు తన కోల అందించాలి, లోపలా బయటా లెక్క తప్పకూడదు. అన్నీ ఒకేసారి. పొద్దున్నే పార్కు చుట్టూ నడిచే నడకలో మెదడుకు ఇంత పని ఉండదు.

న్యూయార్క్ బ్రాంక్స్‌లో 75 ఏళ్లు దాటిన 469 మందిని వైద్యులు ఏళ్ల తరబడి గమనించారు. ఆ ఫలితాలు 2003లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వచ్చాయి. చదవడం, చదరంగంలాంటి ఆటలు, వాద్యం వాయించడం మతిమరుపు జబ్బు ముప్పు తక్కువగా ఉన్నవారిలో కనిపించాయి. ఒంటికి పని చెప్పే అలవాట్లలో మాత్రం ఆ జాబితాకెక్కింది నాట్యం ఒక్కటే. నాట్యమే కాపాడిందని దీన్నిబట్టి తేల్చలేం. మెదడు చురుగ్గా ఉన్నవాళ్లే ఆడుతూ ఉండొచ్చు.

అందుకే జర్మనీలోని మాగ్డెబర్గ్ ప్రయోగం నాకు ముఖ్యమనిపిస్తుంది. సగటున 68 ఏళ్ల వాళ్లలో ఒక జట్టు పద్దెనిమిది నెలలు డాన్సు నేర్చుకుంది, రెండో జట్టు వ్యాయామం చేసింది. 2017లో ఫలితాలు వెలువడ్డాయి. జ్ఞాపకాలకు ఆయువుపట్టయిన హిప్పోకాంపస్ రెండు జట్లలోనూ పెరిగింది. ఒళ్లు తూలకుండా నిలదొక్కుకునే శక్తి మాత్రం డాన్సు జట్టులోనే మెరుగుపడింది. జట్లు చిన్నవే. కానీ ఒక్క జారుపాటుతో తుంటి ఎముక విరిగి మంచాన పడ్డ పెద్దలున్న ఇళ్లకు ఆ శక్తి విలువ తెలుసు. ఇంకో సంగతి: అక్కడ రెండు వారాలకోసారి అడుగులు మార్చేవారు.

కిటుకు అక్కడే ఉందని నా నమ్మకం. వచ్చిన కోపునే, అంటే అదే అడుగుల వరసనే, ఏళ్ల తరబడి వేస్తే ఒళ్లు కదులుతుంది, మనసూ తేలికపడుతుంది. కొత్త కోపు పట్టుకునేటప్పుడే మెదడు ఒళ్లు విరుచుకుంటుంది. మోకాళ్ల నొప్పులో గుండెజబ్బో ఉంటే డాక్టర్ని అడిగే మొదలుపెట్టాలి. ఆ జాగ్రత్త చాలు. ‘ఈ వయసులో గంతులేంటి’ అనే మాట మాత్రం ఇక ఇళ్లలో వినపడకూడదు. తిరుమల బ్రహ్మోత్సవాల్లో మాడవీధుల వెంట కోలాటం వేస్తూ సాగే మహిళా బృందాలను చూడండి, నెరిసిన జడలు ఎన్ని కనిపిస్తాయో!

మర్నాడు ఆ పెద్దావిడ గురించి ఆవిడ కోడలు చెప్పింది. రాత్రి వంటింట్లో చెంగు బిగించి, రెండు గరిటెలు పట్టుకుని, ‘లోపల, బయట, లోపల’ అంటూ వెనక్కి వెనక్కి నడుస్తోందట.