వార్తల్లో పదం: నిల్వల–వినియోగ నిష్పత్తి

ప్రపంచం ఏడాదికి వాడే ధాన్యంలో, ఏడాది చివరికి గోదాముల్లో మిగిలింది ఎంత శాతమో చెప్పే అంకె ఇది. కొత్త పంట వచ్చేలోపు గాదె అడుగున ఏముందో చూసుకోవడం లాంటిదే. తిండిగింజలన్నిటికీ కలిపి ఇది కనీసం 17–18 శాతం ఉండాలని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1970లలో లెక్కగట్టింది. అంకె పడిపోతే ధరలు ఎగుస్తాయి.

అయితే అంకె బాగుందని ధీమాగా ఉండలేం. ప్రపంచ బియ్యం, గోధుమ నిల్వల్లో దాదాపు సగం చైనావే. అవి గడప దాటవు. బియ్యం సంగతైతే మరీ సున్నితం. పండేదాంట్లో పదో వంతే దేశాలు దాటుతుంది, అందులో 40 శాతం దాకా మనదే. 2008లో కరవేమీ లేకపోయినా భారత్, వియత్నాం ఎగుమతులు బిగించాయి. జనవరిలో టన్ను 400 డాలర్లలోపు ఉన్న థాయ్ బియ్యం నాలుగైదు నెలల్లో 1,000 దాటింది. 2023 జులై 20న బాస్మతేతర తెల్లబియ్యం ఎగుమతిని భారత్ నిషేధిస్తే, అమెరికాలో మనవాళ్లు సోనామసూరి బస్తాల కోసం దుకాణాలకు పరుగెత్తారు. (ఆ నిషేధం 2024 సెప్టెంబరు దాకా సాగింది.)

అందుకే తెలిసిన వ్యాపారులు చైనాను తీసేసి, ప్రధాన ఎగుమతి దేశాల నిల్వలనే లెక్కేస్తారు.