నాలుగు నెలల ఇంటివాళ్లు

రిటైరైనవారికి సీజన్ అద్దెకు ఇల్లివ్వాలంటే ముఖ్యంగా రెండు కావాలి: ముందే రాసుకున్న తేదీ, ఏడాది పొడవునా ఇంటిని కనిపెట్టుకునే మనిషి

జంషెడ్‌పూర్‌లో పదవీ విరమణ అంటే రెండు వీడ్కోళ్లు. మొదటిది ఫ్యాక్టరీకి, రెండోది క్వార్టరుకు. ఉద్యోగంతో వచ్చిన ఇల్లు ఉద్యోగంతోనే పోతుంది. ఉక్కు పని వెతుక్కుంటూ ఉత్తరాంధ్ర నుంచి వచ్చి, ఈ ఊరిని ఇప్పటికీ టాటా అనే పిలుచుకునే కుటుంబాలకు ఇది తరాల అనుభవం. జీవితమంతా ఒకచోట గడిపిన మనిషి అరవై ఏళ్ల వయసులో అద్దె ఇల్లు వెతుక్కోవాలి. లేదంటే సొంతూరికో, పిల్లల దగ్గరికో మూటాముల్లె సర్దుకోవాలి.

వెళ్లినవారికి ఊరి మీద మమకారం పోదు. పాత మిత్రులు ఇక్కడే, అలవాటైన డాక్టరూ ఇక్కడే. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండ మాట అటుంచితే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. ఆ నాలుగు నెలలు వచ్చి ఉందామనుకునే దంపతులకు హోటలు భారం, ఏడాది అద్దె దండగ. మరోవైపు సువర్ణరేఖ నది చేరువలోని సీతారాండేరా లాంటి పేటలో ఇల్లుండి, తాము మాత్రం మరో ఊళ్లో కాలం గడిపే యజమానులకు తాళం వేసిన ఇల్లే ఒక బెంగ. ఇద్దరి అవసరాలూ చక్కగా కలుస్తాయి. అయినా బేరం కుదరకపోవడానికి కారణం యజమాని మనసులోని ఒకే ప్రశ్న: 'ఇస్తే మళ్లీ ఖాళీ చేస్తారా?'

ఇవ్వకపోతే ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు దాదాపు 45 కిలోమీటర్ల దూరంలోని ఘాట్‌శిలాలో దొరుకుతుంది. రైలుమార్గం పడ్డాక కలకత్తా బెంగాలీలకు ఈ ప్రాంతం 'పశ్చిమం' అయింది. మలేరియాతో, అజీర్తితో నీరసించినవారికి వైద్యులు గాలిమార్పు రాసిచ్చేవారు. ఇక్కడి నీళ్లు తాగితే రాళ్లయినా అరుగుతాయన్నంత నమ్మకం. ఘాట్‌శిలా, గిరిడీ, మధుపూర్, దేవ్‌ఘర్, సిముల్‌తలాలలో తోటల మధ్య బంగళాలు లేచాయి. దుర్గాపూజ నుంచి చలి తగ్గేదాకా సొంతదార్లో, అద్దెదార్లో దిగేవారు. సంతలో కూరగాయల ధర విని 'డ్యామ్ చీప్' అనే ఈ బాబులకు స్థానికులు 'డాంచీ బాబు' అని పేరు పెట్టారు. 'పథేర్ పాంచాలి' రచయిత విభూతిభూషణ్ బందోపాధ్యాయ ఘాట్‌శిలాలోని తన ఇంటికి చనిపోయిన మొదటి భార్య పేరిట గౌరీకుంజ్ అని పేరు పెట్టుకున్నారు. 1950 నవంబరు 1న ఆయన కన్నుమూసింది ఈ ఊళ్లోనే.

సీజన్ ముగిశాక ఆ బంగళాల బాధ్యత తోటమాలిది. యజమాని బతికున్నంతకాలం ఏర్పాటు నడిచింది. తర్వాతి తరం చెల్లాచెదురయ్యాక మాలికి జీతం పంపేవారు లేరు, పెంకు జారితే సర్దించేవారు లేరు. ఈ ఊళ్లలో ఎన్నో బంగళాలు అమ్ముడుపోయాయి, మరెన్నో కూలిపోయాయి. ఇదే రాష్ట్రంలో రాంచీకి అవతల 1933లో ఆంగ్లో ఇండియన్ల కోసం వెలసిన మెక్‌లస్కీగంజ్‌దీ అదే దారి అయ్యేది. 1997లో అక్కడ డాన్ బాస్కో అకాడమీ వచ్చాక పాత బంగళాలు కొన్ని విద్యార్థుల వసతి గృహాలయ్యాయి. మనుషులు మెసిలిన ఇళ్లు నిలిచాయి.

కాబట్టి ఇల్లివ్వడమే మేలు. భయానికి మందు కాగితంలో ఉంది. అద్దె గడువు ఏడాది దాటితే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 11 నెలల ఒప్పందాల రహస్యం అదే. నాలుగు నెలల అద్దెకు ఆ చిక్కు లేదు. కానీ దిగే తేదీతోపాటు ఖాళీ చేసే తేదీ కూడా స్పష్టంగా రాసుకోవాలి. ఉమ్మడి బీహార్‌లో 1982 నాటి అద్దె నియంత్రణ చట్టం గడువు తీరడాన్నే ఖాళీ చేయించడానికి ఒక కారణంగా గుర్తించింది. జార్ఖండ్ 2011లో సొంత చట్టం చేసుకుంది. చాలామంది యజమానులు పొరపాటు చేసేది గడువు ముగిశాకే. మొహమాటానికి మరో నెల అద్దె తీసుకున్నారంటే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 116వ సెక్షన్ కింద కౌలు కొనసాగినట్టే లెక్క. 'లీవ్ అండ్ లైసెన్స్' అని పైన పేరు పెట్టినంతమాత్రాన సరిపోదు. కాగితం మీది పేరు కంటే ఇల్లు నిజంగా ఎవరి అధీనంలో ఉందన్నదే ముఖ్యమని సుప్రీంకోర్టు 1959లోనే తేల్చింది.

జంషెడ్‌పూర్‌లో ఇంకో మెలిక ఉంది. నగరంలో చాలా భాగం నేల ప్రభుత్వం టాటా స్టీల్‌కు లీజుకిచ్చినది. 2005లో ఆ లీజును 1996 నుంచి 30 ఏళ్లకు లెక్కగట్టి పునరుద్ధరించారు. అంటే అక్కడ సొంతిల్లు అనుకునేది చాలాచోట్ల సబ్‌లీజు మీద నిలిచిన ఇల్లే. అద్దెకిచ్చే ముందు ఆ షరతులు చదువుకోవాలి. పోలీసు స్టేషన్‌లో అద్దెదారు వివరాలు నమోదు చేయించడం ఇద్దరికీ మంచిది. పన్ను విషయంలో మాత్రం చట్టం ఉదారంగానే ఉంది. మునిసిపల్ పన్ను పోగా మిగిలిన అద్దెలో 30 శాతాన్ని, మరమ్మతులకు ఎంత ఖర్చయినా కాకున్నా, ఆదాయపు పన్ను లెక్కలోంచి మినహాయిస్తారు.

కాగితం చెప్పలేనివి కొన్ని ఉంటాయి. డెబ్బై ఏళ్ల మనిషికి మేడమీది వాటా పనికిరాదు. బాత్‌రూమ్‌లో జారని నేల, పట్టుకోవడానికి కడ్డీ, వేడి నీళ్లు, రాత్రివేళ పిలిస్తే పలికే మనిషి కావాలి. వారి పిల్లల ఫోన్ నంబర్లు యజమాని దగ్గర ఉండాలి. అన్నిటికంటే గడ్డు సమస్య ఖాళీ చేయాల్సిన వారంలో అద్దెదారు మంచం పట్టడం. అప్పుడు పొమ్మనడం మనసుకు ఒప్పదు, ఉండమంటే గడువు చెదురుతుంది. దానికీ ముందే దారి చూసుకోవచ్చు: వైద్య కారణంతో ఎన్ని రోజులు పొడిగించవచ్చో, ఆ రోజులకు ఎంత ఇవ్వాలో, ఆ తర్వాత బాధ్యత ఏ కొడుకుదో కూతురుదో ఒప్పందంలోనే రాసుకుంటే ఆ వారంలో ఎవరూ ఎవరి ముందూ తలదించుకోనక్కర్లేదు.

డాంచీ బాబుల కాలంలో ఇంటికి కాపు తోటమాలి. ఈ రోజుల్లో ఆ పని అద్దెదారు కూడా చేయగలడు. నాలుగు నెలలు కిటికీలు తెరిచి, గోడ చెమ్మను గమనించి, కారే కుళాయి గురించి ఫోన్ చేసి చెప్పే పెద్దాయన యజమానికి అద్దె ఇవ్వడమే కాదు, ఇంటి వయసు కూడా పెంచుతున్నాడు. అద్దె ఎంతో తేల్చుకునేటప్పుడు యజమాని ఈ లెక్క కూడా వేసుకోవాలి.