స్టేడియం కట్టించేది ఎవరు?

జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో మా వర్క్‌షాపు ఉక్కు మెట్లు, రెయిలింగులు చేస్తుంది. టెండర్లకు రేట్లు కట్టే పని నాది. గుంటూరులో కాంట్రాక్టులు చేసే మా బావమరిది ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది ఒకటే: "బావా, మీ ఊళ్లో అంత స్టేడియం కట్టారు గదా, మీరెంత లెస్ వేశారు?"

లెస్ వెయ్యాలంటే ముందు ఒక అంకె కనిపించాలి. మన దగ్గర ఇంజనీర్లు కట్టిన అంచనా విలువ టెండరులోనే ఉంటుంది, దాని మీద ఇంత శాతం తక్కువని వేస్తాం. జర్మనీలో ఆ అంచనా సాధారణంగా బయటపెట్టరు. ఐటెమ్‌ల జాబితా ఒకటి చేతిలో పెడతారు. మీటరు రెయిలింగుకి ఎంత, జింకు పూతకి ఎంత, బిగింపుకి ఎంత, అన్ని గడులూ మనమే నింపాలి. గడి ఖాళీగా పోతే బిడ్డుకే ముప్పు. మరీ తక్కువ రేటు వేస్తే ఎలా గిట్టుబాటవుతుందో లెక్క చూపమంటారు.

మా బావమరిది అడిగే ఆ యూరోపా-పార్క్ ఫుట్‌బాల్ స్టేడియం కట్టాలా వద్దా అని 2015 ఫిబ్రవరి 1న ఊళ్లో ఓటింగు పెట్టారు. ఓటేసినవాళ్లలో 58 శాతం మంది సరేనన్నారు. 34,700 మంది పట్టే ఆ స్టేడియానికి దాదాపు 7.6 కోట్ల యూరోలయ్యాయి. 2021 అక్టోబరులో ఆటలు మొదలయ్యాయి. నిర్మాణం ఓస్నాబ్రూక్ కంపెనీ కోస్టర్ చేసింది, డిజైన్ హెచ్‌పీపీ ఆర్కిటెక్టులది. నిజానికి పెద్ద పనిని లాట్లుగా విడగొట్టి చిన్న కంపెనీలకు చోటివ్వాలని జర్మన్ చట్టమే చెబుతుంది. ఆర్థిక, సాంకేతిక కారణాలుంటే కలిపి ఇవ్వొచ్చన్న మినహాయింపూ అదే చట్టంలో ఉంది. గడువు తరుముతున్న పనుల్లో ఆ మినహాయింపుకే గిరాకీ అని నా గొణుగుడు.

అలాంటప్పుడు మాలాంటివాళ్లకు దారి సబ్ కాంట్రాక్టే. అయితే పని దక్కినవాళ్ల దగ్గరికి పరిగెత్తితే ఆలస్యమైనట్టే. అప్పటికి వాళ్ల లెక్కలు తేలిపోయి ఉంటాయి, ఇక మనల్ని నలిపి బేరమాడటమే మిగులుతుంది. వాళ్లు బిడ్డు వెయ్యకముందే మన రేటు వాళ్ల లెక్కలోకి ఎక్కాలి.

ఇంకో సంగతి. స్టేడియానికి డబ్బు పెట్టేది ఒక్కరే అనుకోకూడదు. అక్కడికెళ్లే ట్రామ్ నడిపేది ఊరి రవాణా సంస్థ వీఏజీ. పైకప్పు మీద 2.4 మెగావాట్ల సోలార్ ప్లాంటు ఇంధన సంస్థ బాడెనోవా గ్రూపుది. ఎవరి పని వాళ్లదే, ఎవరి కొనుగోళ్లు వాళ్లవే. స్టేడియం టెండరు ఒక్కటే చూస్తూ కూర్చున్నవాడికి ఇవేవీ కనపడవు.

2026–27లో 54 లక్షల 4 వేల యూరోలు, ఆపైన విలువైన ప్రభుత్వ నిర్మాణ పనిని యూరప్ అంతటికీ తెలిసేలా టెడ్ పోర్టల్‌లో ప్రకటించాలి. చిన్నవి రాష్ట్ర, నగర పోర్టళ్లలో వస్తాయి. పత్రాలకు డబ్బు కట్టక్కర్లేదు, బిడ్డుతో పాటు కట్టే మన ఈఎండీ ధరావతు లాంటిదీ మామూలుగా ఉండదు. పన్ను బకాయి లేదని, కార్మికుల బీమా కట్టామని, ఇంతకుముందు ఫలానా పనులు చేశామని కాగితాలు మాత్రం కావాలి. ప్రీక్వాలిఫికేషన్ జాబితాలో నమోదైతే వాటిలో చాలావాటికి బదులు నంబరు రాస్తే చాలు. పని దక్కాక 5 శాతం దాకా బ్యాంకు గ్యారంటీ అడగొచ్చు. చిన్న షాపుకి నిజంగా ఊపిరాడనివ్వనిది అదే, ఎందుకంటే ఆ మేరకు బ్యాంకులో మన అప్పు పరిమితి తగ్గిపోతుంది.

పెద్ద టెండర్లలో ఓడినవాళ్లకు కారణం, గెలిచినవాళ్ల పేరు ముందే తెలపాలి. ఈమెయిల్‌లో పంపితే 10 రోజులు గడిచేదాకా ఒప్పందం కుదుర్చుకోకూడదు. అన్యాయం జరిగిందనిపిస్తే మొదట పని ఇచ్చేవాళ్లకే రాయాలి. వినకపోతే మా రాష్ట్రంలో కార్ల్స్‌రూహెలోని టెండర్ల విచారణ మండలికి వెళ్లాలి.

గెలిచినవాళ్ల పేర్లు కూడా టెడ్‌లో వస్తాయి. నేను కొత్త టెండర్లకన్నా అవే శ్రద్ధగా చదువుతాను. ఈ ఏడు ఎక్కడో ఈతకొలను కట్టడానికి గెలిచిన కంపెనీ, వచ్చే ఏడు మా పక్క ఊరి ఆటల హాలుకి బిడ్డు వేస్తుంది. దానికీ రెయిలింగులు కావాలి.