తేయాకు: కప్పులోకి దిగేది, పిప్పిలో మిగిలేది

గ్రీన్ టీ, ఊలాంగ్, బ్లాక్ టీ మూడూ ఒకే మొక్క ఆకులు. దాని శాస్త్రీయ నామం కమీలియా సైనెన్సిస్. చైనా చిన్నాకు రకం చలిని తట్టుకుంటుంది. అస్సాం పెద్దాకు రకం వేడి, తేమ ఉన్న పల్లపు నేలల్లో ఏపుగా పెరుగుతుంది. తోటల్లో సాధారణంగా కొసన ఉన్న మొగ్గనూ, దాని కింది రెండు లేతాకులనూ గిల్లుతారు. రుచికీ రంగుకూ మూలమైన పదార్థాలు ముదురాకుల్లో కన్నా వీటిలోనే ఎక్కువ.

అప్పుడే గిల్లిన ఆకు బరువులో 75 నుంచి 80 శాతం నీరే. మిగిలిన పొడి పదార్థంలో దాదాపు మూడో వంతు పాలీఫినాల్స్. వీటిలో ముఖ్యమైనవి కాటెచిన్లు. నాలుకకు తగిలే వగరు వీటిదే. చేదుగా ఉండే కెఫీన్ 2 నుంచి 4 శాతం ఉంటుంది. మొక్కకు అది పురుగుల నుంచి రక్షణ, మనిషికి నిద్రమత్తు వదిలించే ఉత్తేజకం. థియానిన్ అనే అమైనో ఆమ్లం 1 నుంచి 2 శాతం. ఇది వేళ్లలో తయారై ఆకుల్లోకి చేరుతుంది. ఎండ తగిలేకొద్దీ థియానిన్ తగ్గుతుంది, కాటెచిన్లు పెరుగుతాయి. అందుకే జపాన్‌లో మేలురకం గ్రీన్ టీ కోసం కోతకు కొన్ని వారాల ముందు తోటలకు పందిరి వేసి నీడ పట్టిస్తారు. ఆ ఆకులో వగరు తగ్గి కమ్మదనం నిలుస్తుంది.

ఆకు కణంలో కాటెచిన్లు ఒక అరలో, వాటిని మార్చే ఎంజైము మరో అరలో ఉంటాయి. ఆకు నలిగితే రెండూ కలుస్తాయి, గాలిలోని ఆక్సిజన్ తోడవుతుంది, ఆకుపచ్చ కాస్తా రాగి రంగుకు తిరుగుతుంది. కోసిన వంకాయ ముక్క నల్లబడేదీ ఇలాంటి చర్యతోనే. గ్రీన్ టీ చేసేటప్పుడు ఆకుకు వెంటనే ఆవిరి పట్టిస్తారు, లేదా వేడి పెనం మీద వేయిస్తారు. ఆ వేడికి ఎంజైము చచ్చుబడి పచ్చదనం నిలుస్తుంది. బ్లాక్ టీ చేయాలంటే ఆకును వాడబెట్టి, నలిపి, గాలికి వదిలి, రంగు తిరిగాక ఎండబెడతారు. ఈ క్రమంలో కాటెచిన్లు రెండు కొత్త రకాల పదార్థాలుగా మారతాయి. థియాఫ్లావిన్లు బంగారు మెరుపునూ చురుకైన రుచినీ ఇస్తే, థియారూబిజిన్లు ఎర్రటి చిక్కదనాన్ని ఇస్తాయి. మన ఇళ్లలో వాడే గుళికల టీపొడి సీటీసీ రకం. 1930ల్లో అస్సాంలో వచ్చిన సీటీసీ యంత్రం వేర్వేరు వేగాలతో తిరిగే పళ్ల రోలర్ల మధ్య ఆకును నలిపి, చింపి, చుడుతుంది. కణాలు బాగా చిట్లుతాయి కాబట్టి డికాక్షన్‌లో రంగు త్వరగా దిగుతుంది.

మరిగే నీటిలోకి కెఫీన్ మొదటి కొద్ది నిమిషాల్లోనే చాలావరకు దిగిపోతుంది. ఇంకా మరిగిస్తే పాలీఫినాల్స్ వస్తూనే ఉంటాయి, వగరు పెరుగుతుంది. హైదరాబాద్ ఇరానీ చాయ్‌లో డికాక్షన్‌ను విడిగా చాలాసేపు మరిగించి, ఆ తర్వాత చిక్కటి పాలు కలుపుతారు. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ పాలీఫినాల్స్‌ను పట్టుకుంటుంది, వగరు మెత్తబడుతుంది. నిమ్మరసం పిండితే ఆమ్లానికి థియారూబిజిన్ల రంగు పలచబడి టీ తేటగా కనిపిస్తుంది. పాలీఫినాల్స్ ఆకుకూరలు, పప్పుల్లోని ఇనుమును కూడా పట్టేసి ఒంటికి అందనివ్వవు. రక్తహీనత ఉన్నవారు భోజనంతో పాటు టీ తాగకపోవడం మంచిది; భోజనానికీ టీకీ మధ్య కనీసం గంట ఎడం ఉండాలి.

ఇనుముతో కలిసే ఈ గుణమే రంగుల అద్దకానికి ఆధారం. శ్రీకాళహస్తి కలంకారీలో బట్టకు ముందు కరక్కాయలోని టానిన్ అనే పాలీఫినాల్ పట్టించి, బెల్లంతో ఊరబెట్టిన ఇనుప ద్రావణంతో గీస్తారు. గీత నల్లగా తేలుతుంది. టీ డికాక్షన్‌లో తుప్పు పట్టిన మేకు వేసి ఉంచినా నీరు నల్లబడుతుంది. వాడేసిన టీపొడిని మళ్లీ మరిగిస్తే వచ్చే నీటితో నూలు బట్టకు లేత గోధుమ రంగు వేయవచ్చు. తలకు పెట్టుకునే గోరింటాకు పొడిని ఆ నీటితో కలపడం చాలా ఇళ్లలో ఉన్న అలవాటే.

వడకట్టగా మిగిలిన పిప్పిలో సెల్యులోజ్, లిగ్నిన్, కరగని ప్రోటీన్లు ఉంటాయి. నత్రజని చాలావరకు ఈ ప్రోటీన్లలోనే ఉండిపోతుంది కాబట్టి అది కుళ్లితే తప్ప మొక్కకు అందదు. పిప్పిని నేరుగా కుండీలో పోసేకంటే ఎండుటాకులతో కలిపి కంపోస్టు చేయడం మేలు. పాలు, పంచదార కలిసిన పిప్పిని ముందు బాగా కడగాలి. లేకపోతే చీమలు చేరతాయి, బూజు పడుతుంది. మిగిలిన కెఫీన్ మొలకెత్తే గింజలకు అడ్డుపడుతుంది కనుక నారు పోసే మట్టిలో కలపకూడదు. చాలా టీ బ్యాగులను అతికించడానికి ప్లాస్టిక్ వాడతారు. వాటిని చింపి ఆకును మాత్రమే ఎరువుగుంటలో వేయాలి. ఎండిన పిప్పి రంగులనూ సీసం వంటి లోహాలనూ తన మీదికి లాక్కుంటుంది. మురుగునీటి శుద్ధికి దీన్ని వాడే పద్ధతులపై పరిశోధనలు జరుగుతున్నాయి.

పిప్పికి ఒక చెడ్డ దారి కూడా ఉంది. వాడేసిన ఆకును ఆరబెట్టి, రంగు వేసి, కొత్త టీపొడిలో కలిపి అమ్మే మోసం పాతదే. దీన్ని ఇంట్లోనే పట్టుకోవచ్చు. ఫిల్టర్ కాగితం మీద టీపొడి చల్లి నీటితో తడపాలి. కృత్రిమ రంగు ఉంటే కాగితానికి వెంటనే మరకలు అంటుకుంటాయి. కాగితాన్ని కుళాయి కింద కడిగి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. అసలైన టీపొడి అయితే కాగితం శుభ్రంగా ఉంటుంది; నల్లటి గోధుమరంగు మరకలు నిలిస్తే కల్తీ జరిగినట్టే.