ఊరి పేజీ.. తరగతికి పాఠం

సొంత ఊరి గురించి పది వాక్యాలు రాసుకు రమ్మంటే, విద్యార్థుల్లో చాలామంది ఒకరి పుస్తకం చూసి మరొకరు రాస్తారు. ఉపాధ్యాయుడు నలభై పుస్తకాలు దిద్దుతారు. ఆ తరువాత వాటిని తెరిచేవారుండరు. తరగతి మొత్తం ఒకే పేజీని రాస్తే? ఒకరి తప్పును మరొకరు సరిదిద్దితే? ఇందుకు వీలు కల్పించేదే 'వికీ' విధానం.

పుట్టుక ఇలా..
అమెరికాకు చెందిన ప్రోగ్రామర్ వార్డ్ కనింగ్‌హామ్ 1995 మార్చి 25న తొలి వికీని అందుబాటులోకి తెచ్చారు. హవాయి భాషలో 'వికీ' అంటే త్వరగా అని అర్థం. హొనొలులు విమానాశ్రయంలో ప్రయాణికులను చేరవేసే బస్సు పేరు నుంచి ఆయన ఈ మాటను తీసుకున్నారు. 2001 జనవరి 15న వికీపీడియా, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ప్రారంభమయ్యాయి.

పనిచేసే తీరు
ప్రతి వ్యాసానికీ 'సవరించు', 'చర్చ', 'చరిత్ర' అనే విభాగాలు ఉంటాయి. మొదటి దానిలో రాయవచ్చు. రెండో దానిలో అభిప్రాయ భేదాలు తేల్చుకోవచ్చు. ఎవరు, ఎప్పుడు, ఏ పదం మార్చారో మూడోది చూపుతుంది. పొరపాటు జరిగితే పాత రూపాన్ని తిరిగి తేవచ్చు. కొత్తవారి సాధనకు 'ప్రయోగశాల', సందేహాలు అడిగేందుకు 'రచ్చబండ' ఉన్నాయి.

బృందానికి అప్పగించిన పనిని ఒకరే చేసి, మిగిలినవారు పేర్లు కలుపుకోవడం బడుల్లో కొత్త కాదు. 'చరిత్ర' తెరిస్తే ఎవరి వాటా ఎంతో తెలిసిపోతుంది. తరగతిలో నోరు విప్పని విద్యార్థి చేసిన కృషీ అక్కడ కనిపిస్తుంది.

ఏ పనితో మొదలుపెట్టాలి?
తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగింది. అనేక గ్రామాలు కొత్త జిల్లాల్లోకి వెళ్లాయి. తమ ఊరి వ్యాసంలో మండలం, జిల్లా పేర్లు సరిగా ఉన్నాయా, జనాభా 2011 లెక్కలతో సరిపోతోందా అన్నది పరిశీలించడం తొలి పాఠం కావచ్చు. నలుగురేసి బృందాలుగా ఏర్పడి ఒకరు సమాచారం సేకరించాలి. ఒకరు ఆధారం సరిచూడాలి. ఒకరు రాయాలి. మరొకరు భాష దిద్దాలి. వారం వారం బాధ్యతలు మారాలి. బడిలో ఒకే కంప్యూటరు ఉన్నా ఇబ్బంది లేదు. ముందు కాగితంపై రాసి, వంతులవారీగా ఎక్కించవచ్చు.

నాయనమ్మ మాట చెల్లదా?
అసలు చిక్కు ఇక్కడే. ఊరి చెరువుకు ఆ పేరెలా వచ్చిందో నాయనమ్మ చెప్పగా విని విద్యార్థి ఎంతో ఇష్టంగా రాస్తాడు. ప్రచురిత ఆధారం లేదని మరో వాడుకరి దానిని తొలగిస్తారు. పిల్లవాడు చిన్నబుచ్చుకుంటాడు. ఆమె చెప్పింది అబద్ధమని కాదనీ, చదివేవారు సరిచూసుకునే వీలు లేదన్నదే కారణమనీ ఉపాధ్యాయుడు వివరించాలి. విన్న మాటకూ, నిరూపించగల మాటకూ తేడా ఇంతకంటే బాగా బోధపడే సందర్భం అరుదు. అయితే ఆ కథనాన్ని వదులుకోరాదు. చెప్పినవారి అనుమతితో తరగతి సొంతంగా నిర్వహించే ఉమ్మడి పత్రంలో భద్రపరచాలి.

జాగ్రత్తలు
* పాఠ్యపుస్తకాలు, పత్రికల నుంచి వాక్యాలను యథాతథంగా ఎత్తి రాయరాదు. అది కాపీహక్కుల ఉల్లంఘన.
* కృత్రిమ మేధ ఇచ్చిన జవాబును సరిచూడకుండా అతికించరాదు. ఆధారం చూపలేని వాక్యం నిలవదు.
* విద్యార్థుల అసలు పేర్లు, ఫోన్ నంబర్లు, చిరునామాలు ఎక్కడా ఉంచరాదు.
* ఒకే ఇంటర్‌నెట్ కనెక్షన్ నుంచి రోజుకు సృష్టించగల ఖాతాల సంఖ్యకు పరిమితి ఉంది. కాబట్టి ఖాతాలను కొద్దిరోజుల ముందుగానే సిద్ధం చేసుకోవాలి.

మార్కులు కూడా తుది వ్యాసానికి మాత్రమే వేయరాదు. చర్చలో అడిగిన ప్రశ్నకు, ఒప్పుకొని దిద్దుకున్న తప్పుకు కూడా వేయాలి. అప్పుడే విద్యార్థులు తోటివారి తప్పును ఎత్తిచూపడానికి కాక, సరిచేయడానికి ముందుకొస్తారు.