ఓడ దిగాక ఎవరి గడియారం?

మా తుళ్లూరులో ఒకప్పుడు ఎవరైనా నాలుగు రోజులు కనపడకపోతే మిర్చి టిక్కీలతో గుంటూరు యార్డులో పడున్నారనుకునేవాళ్లం. ఇప్పుడు ఫోన్ కలవకపోతే ‘ఓడెక్కారేమో’ అంటున్నారు. 2017లో ప్రభుత్వం రాజధాని రైతుల్లో కొందరిని లాటరీ తీసి సింగపూర్ పంపింది. ఆ తర్వాత సింగపూర్ మా వాళ్లకు నరసరావుపేటంత దగ్గరైపోయింది. అక్కడ ఓడెక్కి, పెనాంగ్, ఫుకెట్ రేవుల్లో దిగి చూసి, మళ్లీ సింగపూర్ చేరే ప్యాకేజీ గురించి పెళ్లి భోజనాల బంతిలో కూడా వింటున్నాను. ఓడలో ఏముంటుందో ఏజెంటు చెబుతాడు. రేవులో దిగాక ఏం చేయాలో మాత్రం బంతిలో పక్కన కూర్చున్నవాళ్లు చెబుతారు. చిక్కంతా అక్కడే.

అపోహ: ఓడవాళ్ల టూర్లన్నీ దోపిడీ. దిగి ట్యాక్సీ బేరమాడుకోవడమే తెలివి.

ధర ఎక్కువన్నది నిజమే. కాకపోతే ఆ ఎక్కువ డబ్బు దేనికో తెలియాలి. హైవే హోటల్ దగ్గర ఆర్టీసీ బస్సు ఆగినప్పుడు కండక్టరు తలలు లెక్కపెట్టుకుని గానీ విజిలెయ్యడు. ఓడ కంపెనీ ద్వారా వెళ్లిన టూర్ బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే జరిగేదీ అదే. ఓడ ఆగుతుంది, లేదా తర్వాతి రేవుకు చేర్చే బాధ్యత కంపెనీ తీసుకుంటుంది. సొంతంగా వెళ్లినవాళ్ల తలలు ఆ లెక్కలో ఉండవు.

2024 మార్చిలో ఆఫ్రికా పడమటి తీరంలోని సావో టోమే దీవి దగ్గర ఇదే జరిగింది. నార్వేజియన్ డాన్ అనే ఓడ నుంచి ఎనిమిది మంది ప్రైవేటు టూరుకు వెళ్లి ఆలస్యంగా తిరిగొచ్చారు. ఓడ ఇంకా కళ్లెదుటే లంగరేసి ఉంది. అక్కడి కోస్ట్ గార్డు పడవలో ఓడ దాకా తీసుకెళ్లినా ఎక్కించుకోలేదు. వాళ్లు దేశాలు మారి మారి గాంబియా చేరారు. ఆటుపోట్లు అనుకూలించక ఓడ అక్కడి రేవుకే రాలేదు. చివరికి సెనెగల్‌లోని డకార్‌లో అందుకున్నారు.

అలాగని ప్రతి రేవులోనూ టూర్ కొనాలా? పెనాంగ్‌లో అక్కర్లేదంటాను. అక్కడ ఓడ స్వెటెన్‌హామ్ పియర్‌కు ఆనుకుంటుంది. గేటు దాటితే జార్జ్‌టౌన్ పాతబస్తీయే. 2008 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్న ఊరది. తీరిగ్గా నడుచుకుంటూ వెళితే లిటిల్ ఇండియా, అక్కడ అరిటాకు భోజనం, 1833 నాటి మారియమ్మన్ గుడి. దీనికి గైడెందుకు, బస్సెందుకు? దారి తప్పినా ఓడ ఎటుందో ఎవరినడిగినా చూపిస్తారు. నడిచి చేరగలిగితే సొంతంగా, గంటలకొద్దీ రోడ్డుంటే ఓడవాళ్లతో. నేను పాటించే లెక్క ఇంతే.

అపోహ: ఎనిమిది గంటలు ఆగుతుందంటే ఎనిమిది గంటలూ మనవే.

ఫుకెట్‌లో పెద్ద ఓడలు చాలావరకు పటాంగ్ తీరానికి ఎదురుగా నీళ్లలోనే లంగరేస్తాయి. అక్కడి నుంచి ఒడ్డుకు చిన్న పడవల్లో చేరవేస్తారు. వీటిని టెండర్లంటారు. పొద్దున్నే టోకెన్ తీసుకుని వంతు కోసం కూర్చోవాలి. చాలా ఓడల్లో ముందు వంతు కంపెనీ టూర్ తీసుకున్నవాళ్లదే. సాయంత్రం ఒడ్డున మళ్లీ క్యూ. పైగా అందరూ ఎక్కేసి ఉండాల్సిన టైము ఓడ కదలడానికి అరగంట నుంచి గంట ముందే. ఇవన్నీ తీసేస్తే ఎనిమిదిలో మిగిలేది ఐదో, ఐదున్నరో. ఇంత తక్కువ వ్యవధిలో స్పీడ్‌బోటెక్కి ఫిఫి దీవులు చూసొస్తామని ఒడ్డున బేరమాడేవాళ్లను చూస్తే నాకు గుండె దడ.

ఇంకో చిక్కు జేబులోనే ఉంటుంది. థాయ్‌లాండ్ టైము సింగపూర్ కంటే గంట వెనక. ఒడ్డుకు రాగానే ఫోన్ తనంతట తానే థాయ్ టైముకు మారిపోతుంది. ఓడ గడియారం మారొచ్చు, మారకపోవచ్చు. మారకపోతే ఫోన్‌లో నాలుగున్నర అయ్యేసరికి ఓడలో ఐదున్నర! దిగే ముందు మెట్ల దగ్గర బోర్డు మీద రాసిన టైము ఫోటో తీసుకోండి. చేతికి ముల్లు గడియారం పెట్టుకుంటే ఇంకా మంచిది. దాన్ని మీరు తిప్పితే తప్ప అది తిరగదు.

అపోహ: టికెట్టు మీద ఊరి పేరుంది కదా, ఓడ ఆ ఊళ్లోనే ఆగుతుంది.

రోమ్ అని రాసి ఉంటుంది. దిగేది చివిటవెక్కియాలో. బందరులో దిగి బెజవాడ చూడ్డమంత దూరం. పారిస్ పేరు చెప్పి దింపే ల హావ్రే అయితే దాదాపు రెండొందల కిలోమీటర్లు. బాంకాక్‌కు లేమ్ చబాంగ్, కౌలాలంపూర్‌కు పోర్ట్ క్లాంగ్. మా పెద్దవాళ్లు మలేసియా అనగానే బటు కేవ్స్ మురుగన్ గుడి అంటారు. అది పోర్ట్ క్లాంగ్ నుంచి కౌలాలంపూర్ ట్రాఫిక్ ఈది ఆవలికి వెళ్తే వస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆ 272 మెట్లు ఎక్కి దిగడానికి పట్టే సమయం కూడా కలుపుకోవాలి. ఇలాంటి చోట టూర్ డెస్కు దగ్గరకే వెళ్లండి. ఏ టూరులో ఎంత నడవాలో, మెట్లున్నాయో లేదో అక్కడ రాసి ఉంటుంది. నగల దుకాణం దగ్గర ఎంతసేపు ఆపుతారో కూడా అడగండి. అడక్కపోతే చెప్పరు.

అపోహ: ఓడ తప్పితే విమానమెక్కి తర్వాతి రేవులో పట్టుకోవచ్చు.

పాస్‌పోర్టు ఎక్కడుంది? ఓడలో, గదిలోని లాకర్లో. చాలా కంపెనీల్లో మనిషి రాకపోతే లాకరు తెరిచి పాస్‌పోర్టు తీసి రేవులోని ఏజెంటుకు అప్పగించి వెళ్తారు. అది మంచి పద్ధతే. కానీ తర్వాతి దేశపు వీసా మనకుందా? సింగపూర్‌లో ఎక్కి తిరిగి సింగపూర్‌లో దిగే ట్రిప్పుకే రెండుసార్లు ప్రవేశం ఉండే వీసా కావాలి. ఓడ దిగకపోయినా ఆగే దేశాల పత్రాలన్నీ ఉండాలని కంపెనీలు పట్టుబట్టడమూ ఉంది. మన పాస్‌పోర్టుకు నిబంధనలు తరచూ మారుతుంటాయి. పోయినేడు వెళ్లొచ్చిన తోడల్లుడి మాట ఈ ఏడాదికి చెల్లదు.

అపోహ: ముందే చవగ్గా ప్రైవేటు టూర్ బుక్ చేసి పెట్టుకుంటే నిశ్చింత.

ఓడ ఆ రేవుకు వస్తే నిశ్చింతే. 2022 జూన్‌లో కార్డీలియా ఓడ విశాఖ నుంచి పుదుచ్చేరి బయల్దేరితే, ఓడలో కాసినో ఉందన్న వివాదం రేగి అక్కడి ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. గాలివాన ఉన్నా ఇంతే, రేవు దాటేస్తారు. అప్పుడు ఓడ ద్వారా కొన్న టూర్ డబ్బు వెనక్కి వస్తుంది. బయట కట్టిన అడ్వాన్సు సంగతి ఆ టూరువాళ్ల దయ. ‘ఓడ రాకపోతే డబ్బు వాపసు’ అని రాసిచ్చేవాళ్లనే చూసుకోండి.

అపోహ: పులిహోర కట్టుకుని దిగితే భోజనం ఖర్చు మిగులుతుంది.

చాలా రేవుల్లో ఓడ నుంచి పండూ, వండిన పదార్థమూ ఒడ్డుకు తేనివ్వరు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో అయితే జరిమానాయే.

ఇన్ని చెప్పే నాకు మా ఇంట్లోనే ఒకటి తగిలింది. 2025లో అదే కార్డీలియా చెన్నై నుంచి విశాఖ మీదుగా తిరిగినప్పుడు చెన్నైలో ఉండే మా బావ ఎక్కాడు. ‘విశాఖలో పగలంతా ఆగుతుందట, తుళ్లూరు వచ్చి అత్తయ్యను చూసి వెళ్తాను’ అని ఫోన్. మ్యాపులో రెండూ ఆంధ్రప్రదేశే మరి! ‘బావా, వందే భారత్ ఎక్కినా బెజవాడకు పోను నాలుగ్గంటలు, రాను నాలుగ్గంటలు. ఈలోపు నీ ఓడ పుదుచ్చేరి దారి పడుతుంది’ అన్నాను. చివరికి మేమే అమ్మను తీసుకుని రాత్రి రైలెక్కాం.

ఆర్కే బీచిలో కురుసుర జలాంతర్గామి ఎదుట కలుసుకున్నాం. క్యారియర్లో అన్నం, గోంగూర పచ్చడి, నూనెలో మునిగిన పండుమిరపకాయ కారం. బయటి తిండి ఓడలోకి రానివ్వరని తెలిసి బావ అక్కడే సిమెంటు బెంచీ మీద కూర్చుని తినేశాడు. ఒక చేత్తో ముద్ద కలుపుతూనే రెండో చెయ్యి తిప్పి తిప్పి గడియారం చూసుకుంటున్నాడు. ‘పచ్చడి సీసా అయినా తీసుకెళ్లరా’ అంది అమ్మ. గేటు దగ్గర స్కానరుందని చెబితే ఆవిడకు అర్థం కాలేదు.