పుల్లరి కట్టనన్న పల్నాటి రైతు
మించాలపాడు వీరుడు కన్నెగంటి హనుమంతు

పశువును అడవికి తోలితే పన్ను కట్టాలి. ఆ పన్ను పేరు పుల్లరి. తెల్లదొరల పాలనలో పల్నాటి రైతును కుంగదీసిన ఈ పన్నును ఎదిరించి, తుపాకి గుండుకు బలైన రైతు కన్నెగంటి హనుమంతు. ఆయన 1870లో దుర్గి సమీపంలోని మించాలపాడులో వ్యవసాయ కుటుంబంలో జన్మించారు.

అడవి ఎవరిది?

పల్నాడు మెట్టసీమ. వాన కురిస్తేనే పంట. పంట పోయిన ఏడు రైతును ఆదుకునేది పశువే. ఆ పశువుకు మేత, ఇంటికి వంటచెరకు, నాగలికి కర్ర అన్నీ అడవి నుంచే రావాలి. తాతల నాటి నుంచి ఊరి జనం అనుభవించిన ఆ అడవిని 1882 మద్రాసు అటవీ చట్టం సర్కారు సొత్తుగా మార్చింది. పుల్లరి కట్టకుండా మేపితే పశువులను బందెలదొడ్డికి తోలేవారు. విడిపించుకోవాలంటే మళ్లీ డబ్బు కట్టాలి.

అధికారులకు వెలి

1921లో సహాయ నిరాకరణోద్యమం పల్లెలకు పాకింది. పల్నాటి రైతులు పుల్లరి కట్టబోమన్నారు. పశువులను అడవికి తోలారు. అటవీ, రెవెన్యూ ఉద్యోగులను సాంఘికంగా వెలివేశారు. వారికి మంగలి క్షవరం చేయలేదు, చాకలి బట్ట ఉతకలేదు, అంగడివారు సరుకు అమ్మలేదు. ఏ ఆయుధమూ లేని రైతుకు ఈ కట్టుబాటే ఆయుధమైంది. మించాలపాడులో జనాన్ని ఒక్కతాటిపై నిలిపిన వ్యక్తి హనుమంతు.

పరిస్థితిని చూడడానికి మాచర్ల వచ్చిన కాంగ్రెస్ నాయకులు ఉన్నవ లక్ష్మీనారాయణ, వేదాంతం నరసింహాచార్యులను ప్రభుత్వం అరెస్టు చేసింది. పూచీకత్తు ఇవ్వడానికి నిరాకరించిన వారికి ఏడాది జైలు పడింది. ఉన్నవ 'మాలపల్లి' నవలను రాసింది జైలులోనే.

ఉద్యమం ఆగినా...

1922 ఫిబ్రవరి 4న చౌరీచౌరాలో పోలీసు ఠాణా దహనమైంది. దాంతో గాంధీజీ శాసనోల్లంఘన ఆలోచనను విరమించారు. ఇదే గుంటూరు జిల్లాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన పెదనందిపాడు రైతులు సాగించిన పన్నుల నిరాకరణ కూడా ఆ నెలలోనే ఆగింది.

పల్నాటి అడవి అంచున మాత్రం పుల్లరి తగవు తీరలేదు. ఆ ఫిబ్రవరి చివరి రోజుల్లో మించాలపాడులో గ్రామస్థులపై పోలీసులు కాల్పులు జరిపారు. హనుమంతు నేలకొరిగారు. ఆయనతోపాటు మరికొందరు ప్రాణాలు కోల్పోయారు. ఒంటినిండా గుళ్లు దిగి, దాహమంటూ ఆయన గంటల తరబడి ప్రాణాలతో పోరాడారని ఈ ప్రాంతంలో చెప్పుకుంటారు.

కాల్పుల తర్వాత పల్నాటి ఉద్యమం క్రమంగా చల్లబడింది. హనుమంతు పేరు మాత్రం ఆరిపోలేదు. ఆయన అమరుడై 2022 నాటికి నూరేళ్లు నిండాయి. అదే ఏడాది గుంటూరు జిల్లా నుంచి విడివడి పల్నాడు ప్రత్యేక జిల్లా అయింది. పన్ను కట్టే శక్తి లేక కాదు, తన అడవిలో తన పశువుకు పన్నేమిటని హనుమంతు నిలిచారని పల్నాటి పెద్దలు పిల్లలకు చెబుతుంటారు.